భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

నానో టెక్నాలజీ, ప్రెసిషన్ మెడిసిన్ అనే మాటలు ఇప్పుడు వ్యాసరచన పోటీల్లో తరచుగా వినిపిస్తున్నాయి. మన హాస్టల్ సైన్సు విద్యార్థులు కూడా వాటి మీద చార్టులు గీస్తున్నారు. మందును అతి సూక్ష్మమైన రేణువుకు కట్టి జబ్బుపడ్డ కణం దగ్గరికే పంపడం ఒకటి. రోగి శరీరాన్ని పరీక్షించి, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకుని వైద్యం చేయడం మరొకటి. ఈ రెండు దారుల్లోనూ ఈనాడు పరిశోధకులు వాడుకుంటున్న కొన్ని ముఖ్యమైన పదార్థాలు ఒక తెలుగువాడు నడిపిన ప్రయోగశాలలో తయారయ్యాయి. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. వార్షికోత్సవ సంచికకు ఒక జీవిత చరిత్ర రాయమని అడిగితే నాకు మొదట తోచిన పేరు ఇదే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇల్లు నిండా పిల్లలు, చాలీచాలని రాబడి. పదమూడేళ్ల వయసులో చదువు మీద విసుగు పుట్టి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా డబ్బు వస్తుందని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వదల్లేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేసింది. నగలు అమ్మి చదివించిందని చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో, మూడో ప్రయత్నంలో మెట్రిక్ పాసయ్యాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి చరిత్రలు రాసేటప్పుడు ఆయన కూడా మనలాగే పేదవాడు అని రాసి ముగించడం మామూలైపోయింది. అది సగం నిజం. ఆయన ఇంట్లో డబ్బు లేదు గాని అక్షరం ఉంది. ఆ రోజుల్లో బడి గుమ్మం ఆయనకు మూసి లేదు. మన తాతలకు ఆ గుమ్మమే లేదు. ఈ తేడా మరచిపోకుండానే ఆయన పడ్డ కష్టాన్ని గౌరవించవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో ఆయనకు రామకృష్ణ మఠంతో పరిచయం ఏర్పడింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. డబ్బు సాయం చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తి ఒకరు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహమైంది.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది మింగుడు పడలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలో ఉన్న ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో కుదిరారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో ఇద్దరు సోదరులు రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే కలిగిందని ఆయన జీవితం రాసినవారంతా చెబుతారు. దాని సంగతి తర్వాత వస్తుంది.

అమెరికా వెళ్లడానికి డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి మామగారిది. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థది. ఆ నాయకర్ రంగూన్ వెళ్లి సంపాదించినదంతా ధర్మానికి రాసిచ్చి పోయిన వ్యక్తి. ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రవాడు తన డబ్బుతో చదువుకుంటాడని ఆయన ఊహించి ఉండరు. స్కాలర్‌షిప్పు మీద చదివే మనకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

1920ల మొదట్లో సుబ్బారావు బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విభాగం చూసే డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయన్ను చేర్చుకుని సాయపడ్డారు. అయితే ఇండియా సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరుగా ప్రాక్టీసు చేసే వీలు లేదు. పొట్ట గడవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని చేశారు. ఈ సంగతి చదివినప్పుడు చాలామంది ఆహా ఎంత గొప్పవాడు అంటారు. మన హాస్టల్ పిల్లల్లో కొందరి తల్లులు ఆస్పత్రుల్లో ఇవాళ్టికీ చేస్తున్నది ఆ పనే. ఆయన కొంతకాలం చేసి బయటపడ్డారు. వాళ్లు జీవితమంతా చేస్తున్నారు, ఎవరూ ఆహా అనరు.

తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం అప్పట్లో చాలా కష్టంగా ఉండేది. 1925లో ఇద్దరూ కలిసి ఒక తేలికైన పద్ధతి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డినం కలిసిన ఆమ్లం, మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే రంగు చిక్కబడుతుంది. ఆ రంగును చూసి లెక్క కట్టవచ్చు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రపంచమంతటా దీన్ని నేర్చుకున్నారు. పత్తికి, మిరపకు ఎన్ని బస్తాల డి.ఏ.పి. వేయాలో తేల్చే మట్టి పరీక్షలో భాస్వరం చూసేదీ ఈ జాతి నీలిరంగుతోనే.

చేతిలో కొలబద్ద ఉంటే కొత్తవి కనబడతాయి. కండరంలో భాస్వరాన్ని కొలుస్తూ పోగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా దాదాపు అదే సమయంలో దాన్ని గుర్తించారు. 1929లో ఏ.టి.పి. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం మారడంలో నుంచి వస్తుందన్న అభిప్రాయం అప్పటికి బలంగా ఉంది. హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది ఆ రంగంలోనే. ఈ కొత్త పదార్థాలు ఆ అభిప్రాయాన్ని మార్చేశాయి. ఏ.టి.పి.ని జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నారు. కాబట్టి ఏ.టి.పి.ని కనిపెట్టింది సుబ్బారావు ఒక్కరే అని మనవాళ్లు రాయడం సరికాదు. ఫిస్కే, సుబ్బారావు, లోమన్ ముగ్గురి పేర్లూ చెప్పాలి. నిజం చెప్పినంత మాత్రాన ఆయన తగ్గిపోరు.

1930లో పి.హెచ్‌డి. వచ్చింది. కాని హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. పదేళ్లు చూశారు. పై మెట్టు ఎక్కనివ్వలేదు. ఫిస్కేతో కలిసి చేసిన పనిలో తన వాటా ఎంతో గట్టిగా చెప్పుకోవలసిన చోట కూడా ఘనతను ఫిస్కేకే వదిలేశారంటారు. అదే ప్రయోగశాలలో పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే అసూయతో వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని చాలా ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందనీ ఆయన చెప్పారు. కలిసి పరిశోధన చేయడం అనగానే అందరూ చేతులు కలిపి నవ్వే ఫోటో గుర్తొస్తుంది. దాని లోపలి సంగతి ఒక్కోసారి ఇలా ఉంటుంది. పై వాడు కాగితం మీద పేరు వేయకపోతే కింది వాడి పని గాలికి పోతుంది.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో పూర్తికాలం చేరారు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడ గడిపింది ఎనిమిదేళ్లు మాత్రమే. ఆ ఎనిమిదేళ్లలో జరిగిన పని మామూలుది కాదు.

ముందుగా ఫోలిక్ ఆమ్లం. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు మాత్ర గుర్తుందా? అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతుందని చాలామంది కిటికీలోంచి పారేస్తారు. మిరపకాయల కోతల్లో పొద్దుటి నుంచి ఎండలో వంగి కోసే ఆడవాళ్లలో ఎంతమందికి రక్తం తక్కువగా ఉంటుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల ఏ ఆరోగ్య కేంద్రంలో అడిగినా చెబుతారు. బొంబాయి మిల్లు కార్మికుల్లోని గర్భవతులకు వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1930 ప్రాంతంలో గమనించింది. అందులో ఉన్న పదార్థం ఏమిటో అప్పుడు తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి అతి కొద్దిగా తీసి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నుంచి చిటికెడు వస్తే మందు ఎవరికి సరిపోతుంది? దాని నిర్మాణం తెలుసుకుని ప్రయోగశాలలో తయారుచేయాలి.

సుబ్బారావు అందుకు రెండు జట్లను కలిపారు. ఒకటి పెర్ల్ రివర్‌లోని జీవరసాయన శాస్త్రవేత్తలు. రెండోది అదే యాజమాన్యం కింద రంగులు తయారుచేసే కాల్కో సంస్థలోని రసాయన శాస్త్రవేత్తలు. బట్టల రంగులు చేసేవాళ్లకు విటమిన్‌తో ఏం పని అనుకోవచ్చు. ఫోలిక్ ఆమ్లం పసుపుపచ్చటి పదార్థం, దాని ఉంగరాల నిర్మాణం రంగుల రసాయనం తెలిసినవారికి కొరుకుడు పడుతుంది. 1945లో కృత్రిమంగా తయారుచేసినట్లు సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసం మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావు డైరెక్టర్. అయినా ఆయన పేరు అక్షర క్రమంలో ఏడోది. హార్వర్డ్‌లో తనకు జరిగింది తన కింద ఎవరికీ జరగకుండా చూశారని నాకనిపిస్తుంది. ఇక స్ప్రూ సంగతి. అన్నదమ్ములను తీసుకుపోయిన ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఈ ఫోలిక్ ఆమ్లం మందుగా పనిచేసింది. పాతికేళ్ల తర్వాత, వేల మైళ్ల అవతల.

కాలేయ సారంలో రక్తహీనతను తగ్గించే మరో పదార్థం కోసం ఆయన చాలా ఏళ్లు వెతికారు. అది మాత్రం దక్కలేదు. బి-12ను 1948లో మెర్క్ కంపెనీవారు ముందుగా పట్టుకున్నారు.

బోస్టన్‌లో పిల్లల వ్యాధి నిర్ధారణ చూసే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందు వాడి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగం పుంజుకుంది. క్యాన్సర్ కణాలకు ఈ విటమిన్ ఆహారం అవుతోందని ఆయనకు తట్టింది. అయితే దాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? అలాంటి విరోధి పదార్థాలను సుబ్బారావు బృందం అప్పటికే తయారుచేస్తోంది. డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు తయారుచేసిన అమినోప్టెరిన్ చూడటానికి అచ్చం ఫోలిక్ ఆమ్లంలా ఉంటుంది. కణం దాన్ని తీసుకుంటుంది, కాని వాడుకోలేదు. సరిపోయినట్టే దూరి తిరగని తాళంచెవి లాంటిది. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది, నిజమే. కాని అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు వారాల వ్యవధిలో చావు తప్ప వేరే దారి లేదు.

అమినోప్టెరిన్‌కు దగ్గర చుట్టమే మెథోట్రెక్సేట్. ఈనాటికీ రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. కీళ్లవాతానికి తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో ఈ మాత్ర రాసి ఉంటే చీటీ మీద ఉన్న రోజును వాళ్లకు చదివి చెప్పండి, ఇది చదువుకున్న పిల్లల పని. వేరే రోజుల్లో దానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. ఒకటి అడ్డుకునేది, ఒకటి ఆదుకునేది. రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలు.

బోదకాలు మందు హెట్రజాన్ కూడా 1947లో అక్కడి నుంచే వచ్చింది. దాన్ని మొదట పరీక్షించింది కాటన్ ర్యాట్ అనే జాతి ఎలుకల మీద, అంటే పత్తి ఎలుకలు. పత్తి పండే మన ప్రాంతంవాళ్లకు ఈ పేరు చూస్తే నవ్వొస్తుంది. దోమల వల్ల వ్యాపించే ఈ జబ్బు కోస్తా జిల్లాల్లో ఎందరి కాళ్లను ఏనుగు కాళ్లు చేసిందో పెద్దలకు తెలుసు. డి.ఇ.సి. మాత్రలని ఇంటింటికీ తిరిగి మింగించేవి ఇవే. 2004 నుంచి మన దేశంలో సామూహికంగా పంచుతున్నారు.

అరియోమైసిన్ కథ ఇంకో రకం. డెబ్బై ఏళ్లు దాటి విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు సుబ్బారావు తన దగ్గర పని ఇచ్చారు. దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను వెతకడం ఆయన పని. మిస్సౌరీలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు జీవి దొరికింది. దాని నుంచి తీసిన మందును 1948లో లోకానికి తెలిపారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం ఎగబడి కొన్నది ఈ జాతి మందులనే.

ఇన్ని చేసిన మనిషి సొంత జీవితం గురించి రాయాలంటే కలం ఆగుతుంది. ఆయన బయలుదేరేటప్పుడు భార్య శేషగిరి గర్భవతి. కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. తిరిగి వస్తానని వెళ్లినవారు పాతికేళ్లయినా రాలేదు. ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆయన జీవిత చరిత్రల్లో ఆమెకు దక్కింది పేజీన్నర. పరిశోధన కోసం త్యాగం చేశారని రాస్తారు గాని త్యాగం చేసింది ఎవరో చూడాలి కదా. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కు వచ్చినా ఆయన తీసుకోలేదు. ఇటు రాలేదు, అటు పూర్తిగా కాలేదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలు దాటింది, అరియోమైసిన్ అప్పుడే బయటికొచ్చింది. తన మందులు ఎంత దూరం వెళ్లాయో చూడలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. మన తపాలా శాఖ 1995లో శతజయంతికి స్టాంపు విడుదల చేసింది.

ఆయన పోయాక ఆ మందులు ఎక్కడికి వెళ్లాయో చెప్పి ఆపేస్తాను. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంచిలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌ను మెథోట్రెక్సేట్‌తో నయం చేశారు. రోగి మూత్రంలో ఒక హార్మోన్‌ను కొలుస్తూ, అది పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టారు. ఒక్కో రోగి ఒంట్లోని కొలతను చూసి మందు నడపడం అంటే అదే. ప్రెసిషన్ మెడిసిన్ అన్న పేరు అప్పటికి పుట్టనే లేదు.

కొన్ని క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడానికి తమ పైపొర మీద మామూలు కణాల కంటే చాలా ఎక్కువ కొక్కేలు పెట్టుకుంటాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్తలు, డాక్టర్లు కలిసి 2005లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. డెండ్రిమర్ అనే కొమ్మల కొమ్మల రేణువును తీసుకున్నారు. దాని అడ్డుకొలత సుమారు 5 నానోమీటర్లు. మన పత్తి పోగు ఒక్కటి 15 వేల నానోమీటర్ల మందం ఉంటుందనుకుంటే, దాని అడ్డంగా అలాంటివి 3,000 పేర్చవచ్చు. ఆ రేణువుకు ఒకవైపు ఫోలిక్ ఆమ్లం, ఇంకోవైపు మెథోట్రెక్సేట్ కట్టారు. ఫోలిక్ ఆమ్లం ఆశ చూపి లోపలికి తీసుకెళ్తుంది, మెథోట్రెక్సేట్ లోపలికెళ్లి పని చేస్తుంది. ఎలుకల్లో ఇది విడి మందు కంటే బాగా పనిచేసింది.

ఎలుకల్లో పనిచేసినవన్నీ మనిషికి మందులు కావు. కాని అదే కొక్కేన్ని గురిచూసే మరో మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అండాశయ క్యాన్సర్ రోగులకు దాన్ని ఇచ్చే ముందు గడ్డ ముక్కను పరీక్షిస్తారు. ఫోలిక్ ఆమ్లపు కొక్కేలు బాగా ఉన్నవారికే ఇస్తారు, లేనివారికి ఇవ్వరు. దాని ఖరీదు మాత్రం మన గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో పడుకునే రోగికి అందేది కాదు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డి.ఇ.సి. మాత్రలు చవక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మూడూ ఉన్నాయి.